సింగపూర్‌కూ కౌలాలంపూర్‌కూ ఎంత దూరం?

సింగపూర్ చాంగీ విమానాశ్రయం నుంచి కౌలాలంపూర్ సెపాంగ్ విమానాశ్రయానికి ఆకాశమార్గాన 296 కిలోమీటర్లు. రోడ్డు మీద ఊరి నుంచి ఊరికి సుమారు 350. విజయవాడ నుంచి విశాఖపట్నం వెళ్లినంత. జెట్ విమానం నేల విడిచాక అటూ ఇటూగా నలభై అయిదు నిమిషాల్లో మళ్లీ నేల తాకుతుంది. ఇంత చిన్న దారి మీద 2018 నాటికి ఏడాదికి ముప్పై వేలకు పైగా విమానాలు తిరిగేవి. అంటే రోజుకు ఎనభై పైచిలుకు. విమాన వేళల లెక్కలు కట్టే ఓఏజీ సంస్థ దీన్ని ఆ ఏడాది ప్రపంచంలోకెల్లా రద్దీగా ఉన్న అంతర్జాతీయ విమాన మార్గంగా తేల్చింది.

అయితే ఈ రెండు నగరాల మధ్య ప్రయాణానికి పట్టే కాలాన్ని విమానాల వేగం ఒక్కటే ఎన్నడూ నిర్ణయించలేదు. ఒక జలసంధి, ఒక దేశం రెండుగా విడిపోవడం, ఒక రైల్వే స్టేషన్ ఎవరిదన్న తగవు, గడియారంలో అరగంట సవరణ, పాస్‌పోర్టు మీద పడే ముద్ర... ఇవన్నీ ఆ కాలాన్ని పెంచుతూ తగ్గిస్తూ వచ్చాయి. నూరేళ్లకు పైబడిన ఆ చరిత్ర తెలిస్తేనే ఇవాళ్టి టికెట్ మీద అచ్చయిన ప్రయాణ సమయానికి అర్థం తెలుస్తుంది.

సింగపూర్ 1819 నుంచీ ఓడల ఊరు. కౌలాలంపూర్ అలా కాదు, అడవి లోపల పుట్టిన గనుల ఊరు. 1857లో క్లాంగ్ ప్రాంతాన్ని ఏలుతున్న రాజా అబ్దుల్లా తగరం వెతకమని 87 మంది చైనా కూలీలను నది ఎగువకు పంపించాడు. క్లాంగ్, గొంబాక్ నదులు కలిసే చోట వాళ్లు పడవలు దిగి, అడవిలో అంపాంగ్ దాకా నడిచి గనులు తవ్వారు. నెల తిరక్కుండానే వాళ్లలో ఎక్కువమంది జ్వరాలతో చనిపోయారు. అయినా తగరం దొరికింది, ఆ తర్వాత ఊరు నిలబడింది. అప్పట్లో సింగపూర్ నుంచి అక్కడికి వెళ్లాలంటే మలక్కా జలసంధి వెంట ఓడలో క్లాంగ్ నది ముఖద్వారం దాకా పోయి, ఏటికి ఎదురుగా పడవ మీద సాగాలి. 1879లో ఈ తీరమంతా చుట్టి వచ్చిన ఆంగ్ల యాత్రికురాలు ఇసబెల్లా బర్డ్ సెలంగోర్ రాజ్యంలో చూసిన ప్రధాన పట్టణం క్లాంగ్. కౌలాలంపూర్‌కు రాజధాని హోదా ఆ మరుసటి ఏడు, 1880లో గానీ రాలేదు.

1886లో కౌలాలంపూర్ నుంచి క్లాంగ్ వైపు రైలు మార్గం తెరుచుకుంది. 1901లో నది ముఖద్వారం దగ్గర పోర్ట్ స్వెటెన్‌హామ్ రేవు వచ్చింది. ఇప్పుడు దాన్నే పోర్ట్ క్లాంగ్ అంటున్నారు. దాంతో ప్రయాణం రెండు ముక్కలైంది: సింగపూర్ నుంచి రేవు దాకా ఆవిరి ఓడ, రేవు నుంచి ఊళ్లోకి రైలు. 1890లో సింగపూర్‌లో మొదలైన స్ట్రెయిట్స్ స్టీమ్‌షిప్ కంపెనీ చిన్న చిన్న ఓడలు ఈ తీరం పొడవునా రేవు రేవుకూ ఆగుతూ మనుషులనూ తగరాన్నీ రబ్బరునూ మోశాయి.

ఈ సముద్రపు దారితో తెలుగువాళ్లకు సంబంధం ఉంది. 1926లో నీటిలో దిగిన బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడ ‘రజూలా’ మద్రాసు, నాగపట్నం రేవుల నుంచి బయల్దేరి పినాంగ్, పోర్ట్ స్వెటెన్‌హామ్ తాకి సింగపూర్ చేరేది. మలయా రబ్బరు తోటలకూ కొబ్బరి తోటలకూ కూలికి వెళ్లిన దక్షిణాదివారిలో అత్యధికులు తమిళులు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలూ వారిలో ఉన్నాయి. పేరాక్ రాష్ట్రంలోని బగాన్ దతో వైపు ఇప్పటికీ తెలుగు ఇళ్లున్నాయి. ఆనాటి కూలీకి పోర్ట్ స్వెటెన్‌హామ్‌కూ సింగపూర్‌కూ మధ్య దూరం ఒక బతుకుకూ మరో బతుకుకూ మధ్య ఉన్న దూరం. ఏ రేవులో దిగమంటే ఆ తోటకే పోవాలి. ఎంపిక కూలీలను కుదిర్చే కంగాణీది, తోట దొరది. సాయం చేసి కూలీలను మలయాకు పంపే ఆ పద్ధతిని భారత ప్రభుత్వం 1938లో ఆపేసింది.

ఇక రైలు. సింగపూర్ దీవిలో 1903లో, జొహోర్ రాజ్యం గుండా 1909లో పట్టాలు పడ్డాయి. కౌలాలంపూర్‌లో రాత్రి బండి ఎక్కి దక్షిణాన జొహోర్ బారు దాకా రావచ్చు. అక్కడ జలసంధి అడ్డం. ప్రయాణికులు సామాన్లతో దిగి, ఫెర్రీ ఎక్కి, ఆవలి ఒడ్డున మళ్లీ మరో రైలెక్కాలి. సరుకు పెట్టెలను బల్లకట్ల మీద దాటించేవారు. రబ్బరు వ్యాపారం పెరిగేకొద్దీ ఆ బల్లకట్లు చాల్లేదు, వ్యాగన్లు ఒడ్డున వరుసకట్టాయి. చివరికి జలసంధినే రాళ్లతో పూడ్చి కట్ట వేయాలని నిర్ణయించారు. 1919లో పని మొదలైంది. పులావ్ ఉబిన్ దీవి నుంచీ బుకిత్ తిమా నుంచీ గ్రానైటు తెచ్చి నీళ్లలో పోశారు. 1923 సెప్టెంబరులో సరుకు రైళ్లు, అక్టోబరు 1న ప్రయాణికుల రైళ్లు ఆ కట్ట దాటాయి. 1924 జూన్ 28న గవర్నర్ లారెన్స్ గిల్లెమార్డ్ దాన్ని లాంఛనంగా ప్రారంభించాడు. పొడవు 1,056 మీటర్లు. ఆ కిలోమీటరు కాజ్‌వే వల్ల రెండు నగరాలూ ఒకే పట్టాల మీదికి వచ్చాయి. ఈ దారి మీద ఆ తర్వాత వచ్చిన ఏ విమానమూ ఇంత పెద్ద మార్పు తేలేదని చెప్పవచ్చు.

1942 జనవరి 31న బ్రిటిష్ సేనలు సింగపూర్‌లోకి వెనక్కి తగ్గుతూ ఆ కట్టను మధ్యలో పేల్చేశాయి. పదిహేను రోజులకు సింగపూర్ జపాన్‌కు లొంగిపోయింది.

ఆకాశం కథ గుర్రప్పందాల మైదానంలో మొదలైంది. 1911 మార్చిలో బెల్జియం వైమానికుడు జోసెఫ్ క్రిస్టియాన్స్ సింగపూర్ ఫారర్ పార్క్ రేస్‌కోర్సు మీద తొలి విమానం ఎగరేశాడు. 1919 డిసెంబరులో ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియా పోతున్న రాస్ స్మిత్ బృందం తన విమానాన్ని ఆ మైదానంలోనే దించింది. అయితే ఊరి నుంచి ఊరికి టికెట్టు కొనుక్కుని ఎగరడానికి 1937 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడు జూన్ 12న సింగపూర్‌లో కల్లాంగ్ విమానాశ్రయం తెరిచారు. అదే నెలలో కార్లు అమ్మే వ్యాపారులైన వెర్న్ సోదరులు సింగపూర్ నుంచి కౌలాలంపూర్ మీదుగా పినాంగ్‌కు విమానం నడపడం మొదలుపెట్టారు. డ్రాగన్ రాపిడ్ అనే రెండు ఇంజిన్ల, రెండంతస్తుల రెక్కల విమానం అది, వేగం గంటకు సుమారు 210 కిలోమీటర్లు. ఆ లెక్కన కౌలాలంపూర్‌కు గంటన్నర. రాత్రంతా రైలు పట్టాల మీద ఊగిన దారికి గంటన్నరంటే, అప్పటి తోటల యజమానులకూ బ్యాంకు అధికారులకూ ఎంత వింతగా తోచి ఉంటుందో ఊహించవచ్చు. యుద్ధంతో ఆ సర్వీసు ఆగిపోయింది.

1947 మే 1న మలయన్ ఎయిర్‌వేస్ కంపెనీ కల్లాంగ్ నుంచి కౌలాలంపూర్, ఇపో, పినాంగ్‌లకు వారానికి మూడు సర్వీసులు మొదలుపెట్టింది. విమానం ఎయిర్‌స్పీడ్ కాన్సల్, మోయగలిగింది అయిదుగురిని. ఇవాళ ప్రపంచమంతా పేరున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన పుట్టుకను ఈ అయిదు సీట్ల విమానం నుంచే లెక్కపెట్టుకుంటుంది. మలేసియా విమాన సంస్థ మూలాలూ అక్కడే ఉన్నాయి. తర్వాత డీసీ-3లు, 1960లలో ఫాకర్ ఫ్రెండ్‌షిప్‌లు, 1969లో బోయింగ్ 737 జెట్లు వచ్చాయి. గంటన్నర గంటంబావు అయింది, గంట లోపుకు దిగింది, చివరికి ముప్పావుగంట దగ్గర ఆగింది. అర శతాబ్దం దాటినా అక్కడి నుంచి కదల్లేదు.

ఎందుకు కదల్లేదు? జెట్ విమానం గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల వేగంతో పోగలదు కదా, 296 కిలోమీటర్లకు ఇరవై రెండు నిమిషాలు చాలు కదా అనిపిస్తుంది. ఇంత చిన్న దారిలో ఆ వేగం అందుకునే తీరిక విమానానికి ఉండదు. ఎక్కడం, దిగడం మధ్య నిలకడగా సాగేది కొద్ది నిమిషాలే. పైగా చాంగీ, సెపాంగ్ రెండూ కిక్కిరిసిన విమానాశ్రయాలు కాబట్టి దిగే ముందు వరుసలో తమ వంతు కోసం తిరగాలి. గేటు వదిలింది మొదలు మళ్లీ గేటు చేరేదాకా లెక్కపెట్టి కంపెనీలు టికెట్ మీద గంటా, గంటా పది నిమిషాలు అని వేస్తాయి.

విమానాలు వేగం పుంజుకుంటున్న ఆ కాలంలోనే ఇంకో మార్పు వచ్చింది. 1963 సెప్టెంబరు 16న సింగపూర్ మలేసియాలో చేరింది, రెండేళ్లు నిండకుండానే 1965 ఆగస్టు 9న విడిపోయింది. కౌలాలంపూర్‌కు కొత్త సుబాంగ్ విమానాశ్రయం ఆ నెలాఖరున, ఆగస్టు 30న తెరుచుకుంది. కట్టడం మొదలైనప్పుడు అక్కడి నుంచి సింగపూర్‌కు వెళ్లే విమానం స్వదేశీ సర్వీసు. తెరిచేనాటికి పరదేశీ సర్వీసు! 1967 నుంచి సరిహద్దులో పాస్‌పోర్టు తనిఖీలు మొదలయ్యాయి. విమాన కంపెనీ మాత్రం మరికొంత కాలం ఉమ్మడి సంసారం చేసింది. మలేసియా-సింగపూర్ ఎయిర్‌లైన్స్ అన్న పేరుతో రెండు ప్రభుత్వాలూ కలిసి నడిపాయి. దేశంలోపలి ఊళ్లకు విమానాలు కావాలని మలేసియా పట్టుబట్టింది; లండన్, సిడ్నీల వంటి దూరాలే తమకు బతుకుతెరువని సింగపూర్ పట్టుబట్టింది. 1972 అక్టోబరు 1న కంపెనీ రెండయింది. బోయింగ్ జెట్లు సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు పోయాయి, ఫాకర్లు మలేసియన్ ఎయిర్‌లైన్ సిస్టమ్‌కు వచ్చాయి. ఆ తర్వాత ముప్పై అయిదేళ్లకు పైగా ఈ దారి ప్రధానంగా ఈ ఇద్దరు దాయాదుల చేతిలోనే ఉండిపోయింది. పోటీ లేని చోట టికెట్ ధర ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. సామాన్యుడు బస్సెక్కాడు.

రైలు సంగతి మరీ విచిత్రం. దేశాలు విడిపోయినా సింగపూర్ దీవిలోని పట్టాలు, వాటి పక్క భూమి, 1932లో కట్టిన తంజోంగ్ పగర్ స్టేషన్ మలేసియా రైల్వే చేతిలోనే మిగిలాయి. సింగపూర్ నడిబొడ్డున దిగే ప్రయాణికుడు మరో దేశపు రైల్వే స్టేషన్‌లో దిగేవాడన్నమాట. దీన్ని తేల్చడానికి 1990 నవంబరులో సింగపూర్ ప్రధాని లీ క్వాన్ యూ, మలేసియా ఆర్థికమంత్రి దైమ్ జైనుద్దీన్ ఒప్పందం మీద సంతకాలు చేశారు. దాని అర్థం మీద మళ్లీ తగవు. 1998 ఆగస్టు 1న సింగపూర్ తన తనిఖీ కేంద్రాన్ని సరిహద్దున ఉన్న వుడ్‌ల్యాండ్స్‌కు మార్చేసింది. మలేసియా అధికారులు తంజోంగ్ పగర్ వదలమన్నారు. ఫలితంగా ఉత్తరానికి పోయే ప్రయాణికుడు సింగపూర్ విడిచినట్టు ముద్ర పడకముందే మలేసియాలో ప్రవేశించినట్టయ్యేది. ఈ పరిస్థితి పదమూడేళ్లు నడిచింది. 2011 జూన్ 30 రాత్రి తంజోంగ్ పగర్ నుంచి ఆఖరి రైలు బయల్దేరింది, దాన్ని జొహోర్ సుల్తాన్ ఇబ్రహీం ఇస్మాయిల్ స్వయంగా నడిపాడు. కాజ్‌వే కట్టించిన కాలంలో ఒకే బండిలో నగరం నుంచి నగరానికి పోయిన దారి ఆ రాత్రితో సింగపూర్ అంచునే ఆగిపోయింది. ఈ చరిత్ర మొత్తంలో రెండు నగరాల ప్రజలకూ నిజంగా నష్టం చేసిన సంఘటన ఇదే.

గడియారం విషయంలో మాత్రం ఇద్దరూ కలిసే నడిచారు. సూర్యుడి లెక్కన కౌలాలంపూర్ సింగపూర్ కంటే దాదాపు తొమ్మిది నిమిషాలు వెనక. రైళ్లు వచ్చాక ఒకే సమయం అవసరమైంది. 1905 నుంచి గ్రీనిచ్ కంటే ఏడు గంటలు ముందు, 1930లలో ఏడు గంటల ఇరవై నిమిషాలు, 1941లో ఏడున్నర గంటలు అయింది. జపాన్ ఆక్రమణలో గడియారాలను టోక్యో సమయానికి తిప్పించారు. యుద్ధం అయ్యాక మళ్లీ ఏడున్నర. తూర్పున బోర్నియోలో ఉన్న సబా, సరవాక్ రాష్ట్రాలతో ఒకే సమయం ఉండాలని మలేసియా 1982 జనవరి 1న ద్వీపకల్పంలో గడియారాలను అరగంట ముందుకు జరిపింది. సింగపూర్‌కు ఆ అవసరమేమీ లేదు. అయినా వ్యాపారులకూ ప్రయాణికులకూ లెక్కలు తప్పుతాయని అదే క్షణాన తానూ జరిపింది. అందుకే ఇప్పటికీ సింగపూర్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో మధ్యాహ్నం సుమారు ఒంటిగంట అవుతుంది, కౌలాలంపూర్‌లో ఇంకాస్త ఆలస్యం. తగవులు పడుతున్న పొరుగువాళ్లు ప్రయాణికుడి సౌలభ్యం కోసం ఇంత చేయగలిగారంటే, చేయాలనుకుంటే మిగతావీ చేయగలిగేవారే.

ఈ ఆకాశం విషాదాన్నీ చూసింది. 1977 డిసెంబరు 4న పినాంగ్ నుంచి కౌలాలంపూర్ వస్తున్న మలేసియా విమానాన్ని హైజాక్ చేసి సింగపూర్ వైపు మళ్లించారు. జొహోర్‌లోని తంజుంగ్ కుపాంగ్ దగ్గర అది కూలి, అందులోని వంద మందీ చనిపోయారు. 1991 మార్చి 26న సుబాంగ్ నుంచి చాంగీ వస్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ 117 విమానాన్ని నలుగురు హైజాక్ చేశారు. మరునాడు తెల్లవారకముందే సింగపూర్ కమాండోలు లోపలికి చొరబడి నలుగురినీ కాల్చేశారు. ప్రయాణికులంతా ప్రాణాలతో బయటపడ్డారు. ముప్పావుగంట ప్రయాణానికని ఎక్కినవాళ్లు రాత్రంతా ఆ విమానంలోనే గడిపారు.

1998 జూన్‌లో కౌలాలంపూర్ విమానాశ్రయం సెపాంగ్‌కు మారింది. ఆయిల్‌పామ్ తోటల మధ్య కట్టిన ఆ భవనం జపాన్ వాస్తుశిల్పి కిషో కురొకావా రూపకల్పన. సెపాంగ్ ఊరికి దక్షిణాన ఉంది, అంటే సింగపూర్‌కు దగ్గర. సుబాంగ్ నుంచి చాంగీకి గగనదూరం 335 కిలోమీటర్ల దాకా ఉండేది, అది ఒక్కసారిగా 296కు తగ్గింది. కానీ ఊళ్లోంచి సుబాంగ్‌కు ఇరవై కిలోమీటర్లు పోయిన ప్రయాణికుడు ఇప్పుడు యాభైకి పైగా పోవాలి. ఆకాశంలో తగ్గిన దూరంలో చాలావరకు నేల మీద మళ్లీ కలిసింది. 2002లో ప్రత్యేక రైలు వచ్చి ఆ భాగాన్ని 28 నిమిషాలకు తెచ్చింది. అంతకుముందే, 1994లో పూర్తయిన ఉత్తర-దక్షిణ ఎక్స్‌ప్రెస్‌వే వల్ల సరిహద్దు తనిఖీలు మినహాయిస్తే కారులో నాలుగు గంటలే పడుతోంది. విమానానికి అసలు పోటీ రోడ్డు నుంచే వచ్చింది.

2008 ఫిబ్రవరి 1న ఆకాశం తలుపు కొంచెం తెరుచుకుంది. ఎయిర్‌ఏషియా, టైగర్ వంటి చౌక కంపెనీలకు రోజుకు రెండేసి సర్వీసులు ఇచ్చారు. ఆ ఏడు డిసెంబరు నుంచి ఆ పరిమితీ పోయింది. ధరలు కిందికి దిగాయి, బస్సెక్కే సామాన్యుడు విమానం ఎక్కాడు. ఓఏజీ జాబితాలో ఈ దారి మొదటి స్థానానికి చేరడం వెనుక ఉన్నది కొత్త రకం విమానం కాదు, ఈ అనుమతి కాగితం.

అసలైన మార్పు తెస్తుందనుకున్నది హైస్పీడ్ రైలు. 2013 ఫిబ్రవరిలో మలేసియా ప్రధాని నజీబ్ రజాక్, సింగపూర్ ప్రధాని లీ సియెన్ లూంగ్ దాన్ని ప్రకటించారు, 2016 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. 350 కిలోమీటర్లు, తొంభై నిమిషాలు, ఊరి మధ్య నుంచి ఊరిలోకి. 2018లో మలేసియాలో ప్రభుత్వం మారింది, ఖర్చు ఎక్కువంటూ వాయిదా పడింది. 2021 జనవరి 1న రద్దయినట్టు అప్పటి ఇద్దరు ప్రధానులూ ప్రకటించారు. మలేసియా 10.28 కోట్ల సింగపూర్ డాలర్లు పరిహారంగా కట్టింది. కోవిడ్ కారణంగా అప్పటికే సరిహద్దు మూతపడి ఉంది. 2020 మార్చి నుంచి 2021 నవంబరు 29న టీకా వేసుకున్నవారికి దారి తెరిచేదాకా, రోజుకు ఎనభై విమానాలు తిరిగిన ఈ మార్గంలో చాలా కుటుంబాలు ఒకరినొకరు చూసుకోలేకపోయాయి.

ఇవాళ కౌలాలంపూర్ నడిబొడ్డు నుంచి సింగపూర్ నడిబొడ్డుకు విమానంలో వెళ్లేవారికి ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి నాలుగైదు గంటలు పడుతుంది. అందులో గాలిలో గడిచేది ముప్పావుగంటే. ఈ దారిని ఇంకా దగ్గర చేయగలిగింది వేగమైన విమానం కాదు, రెండు ప్రభుత్వాల సయోధ్య. అందుకు ఒక నమూనా ఇప్పుడు జొహోర్ జలసంధి మీదే తయారవుతోంది. జొహోర్ బారు నుంచి సింగపూర్‌కు కడుతున్న నాలుగు కిలోమీటర్ల ఆర్‌టీఎస్ మెట్రో లింకులో రెండు దేశాల తనిఖీలూ ఎక్కే స్టేషన్‌లోనే పూర్తవుతాయి, దిగాక ఇంకో వరుస ఉండదు. ఆ పద్ధతి విమానాశ్రయాలకూ రావాలి.

హైదరాబాద్ నుంచి ఈ రెండు నగరాలకూ నేరుగా విమానాలున్నాయి, ఒకే సెలవులో రెండూ చూసి వచ్చే తెలుగువాళ్లూ ఎక్కువే. మీరూ ఆ పని మీదుంటే, ఈ రెండు నగరాల మధ్య ప్రయాణానికి టికెట్ మీది గంటను నమ్ముకోకుండా సగం రోజు కేటాయించండి.